నేను చెరిపిన హద్దురాయి

మా వైపు ఈ సంగతి రెండు రకాలుగా చెప్పుకుంటారు. ఎరువుల కొట్టాయన దగ్గర ఏదో పుచ్చుకుని, ఆయనకు కావలసినట్టు ఫోటో తీసిపెట్టి, ఒంటరి ముసలమ్మ పొలంలో ముక్క పోగొట్టానని ఒక రకం. నా మీద జాలి ఉన్నవాళ్ళు చెప్పేది ఇంకో రకం: "పాపం ఆమెకేం తెలుసు, సరదాకి ఫోటోలు తీసుకుంటది, అది పంచాయితీకెక్కుద్దని కలగన్నదా?" మొదటి రకం వాళ్ళతో నాకు పేచీ లేదు. ఇవ్వలేదని ఆయనకు తెలుసు, పుచ్చుకోలేదని నాకు తెలుసు, అక్కడికి సరి. నా గొడవంతా రెండో రకం వాళ్ళతో. నాకేమీ తెలియకపోవడమేమిటి? అన్నీ తెలిసే చేశాను. సరదా అంతకంటే కాదు. పైగా ఫోటో ఎవరి పొలమూ పోగొట్టలేదు. కెమెరా పట్టిన ఫోటోలో ఆ రాయి నిక్షేపంలా ఉంది. దాన్ని చెరిపింది నా చెయ్యి.

నరసరావుపేటలో పద్నాలుగేళ్ళు జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పాను. పిల్లలకు ఆకుల ఈనెలు పెద్దవి చేసి చూపించడానికని ఒక కెమెరా కొన్నాను. ఈనెల దగ్గర మొదలైన పిచ్చి చెట్టుకు, చెట్టు నుంచి చేనుకు పాకింది. ఆకు మీద నూగు ఎంత స్పష్టంగా కనపడుతుందో, ఎకరం నేల మీద మట్టిబెడ్డ కూడా అంత స్పష్టంగా కనపడాలనిపించింది. అందుకు మామూలు కెమెరా చాలదు. పెద్ద సెన్సార్ ఉన్న పాత కెమెరా ఒకటి చెన్నైలో ఎవరో వదిలించుకుంటుంటే నేను తగిలించుకున్నాను. ఎదుట ఉన్న దృశ్యాన్ని ఒకేసారి తీయను. కెమెరాను స్టాండు మీద బిగించి, రవ్వంత రవ్వంత తిప్పుతూ ముప్ఫై, నలభై ముక్కలుగా తీస్తాను. ఆ ముక్కల్ని కంప్యూటర్లో ఒకదానికొకటి కుడితే గోడంత బొమ్మ వస్తుంది. మొహం ఆనించి చూసినా మసకబారదు. హైదరాబాదులో ఒక ల్యాబు దాన్ని నూలు కాగితం మీద, వందేళ్ళు నిలిచే రంగులతో అచ్చువేస్తుంది. ఒక బొమ్మకు ఏడే ప్రింట్లు, ఎనిమిదోది ఉండదు. అడుగున పెన్సిలుతో నెంబరు, నా సంతకం. విడిగా ఒక ధ్రువపత్రం, దాని మీద ఉబ్బెత్తు ముద్ర. లోకమంతా ఆర్టు ప్రింట్లు అమ్మే పద్ధతి ఇదే. నేనేమీ కొత్తగా కనిపెట్టలేదు.

కాకపోతే ఆరడుగుల ఫోటో అంటే మా పేటలో ఫ్లెక్సీ. పుట్టినరోజుకు, పదవికి, లేదా పోయినందుకు. నాకు ఫ్రేములు కట్టే భాయి కూడా మొదటి ప్రింటు చూసి మొహం అదోలా పెట్టాడు.

"మేడం, దండకు కొక్కెం ఒకటి చాలా, రెండు కొట్టమంటారా?"

"దండెందుకు భాయ్? ఇందులో మనిషే లేడు కదా."

"మనిషి లేనిదానికి ఇంత ఫ్రేమెందుకు మేడం?"

గంటసేపు వాదించాను. ఆయన ఓపిగ్గా విని, నేను వెళ్ళేటప్పుడు ఆ కొక్కెం కొట్టే ఇచ్చాడు. "ఉండనీయండి, ఎప్పుడన్నా పనికొస్తది" అన్నాడు.

అలాంటి ఊళ్ళో ఉండి హైదరాబాదు గ్యాలరీకి బొమ్మలు పంపుకునేదాన్ని. అక్కడ కొనేవాళ్ళు కొన్నారు. మా పేటలో ఒక్కడంటే ఒక్కడు కొనలేదు. ఇది చిన్న విషయమనుకునేవాళ్ళు ఎప్పుడూ ఏదీ తయారుచేసి ఉండరు. సొంత ఊరివాడు ఒకడు మెచ్చుకోవాలని నాకు ఎంత ఆకలిగా ఉండేదో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కానీ అది చెప్పకపోతే తరవాతది అర్థం కాదు.

నూజెండ్ల అవతల మా పిన్నిది ఒక పల్లె. ఆ ఊరి చివర చిన్న తిప్ప ఉంది. తిప్ప ఎక్కితే కింద నల్లరేగడి చేలు. ఆ ఏడు మే నెలలో ఒక వాన పడి దుక్కులు దున్నారు. పక్కపక్కన రెండు చేలు. ఒకదాన్ని నిలువుగా దున్నారు, రెండోదాన్ని అడ్డంగా. రెండు వైపుల సాళ్ళూ వచ్చి ఒకదాన్నొకటి ఢీకొన్నట్టు ఉన్నాయి. నల్లటి తడి మట్టి మీద ఏటవాలు ఎండ పడి ఒక్కో సాలూ నూనె రాసిన జడపాయలా మెరుస్తోంది. అలాంటి నేల కోసం నేను మూడేళ్ళు తిరిగాను.

నిలువు సాళ్ళ చేను పేటలో ఎరువులు, విత్తనాలు అమ్మే కొట్టాయనది. తండ్రి హయాం నుంచీ ఉంది, కౌలుకిస్తాడు. అడ్డం సాళ్ళది పెద్దమ్మది. నాకు చుట్టమేమీ కాదు, మా పిన్ని ఇంటి పక్కన ఉంటుంది కాబట్టి పెద్దమ్మ. మొగుడు పోయి చాలా కాలమైంది. పిల్లల్లేరు. ఎకరంన్నర పత్తిచేను, ఒక బర్రె, ఎవరినీ ఖాతరు చేయని నోరు, ఇవీ ఆవిడ ఆస్తి. నేను కెమెరా మోసుకుని తిప్ప ఎక్కుతుంటే చెప్పులు చేలోనే విడిచి నా వెనకే వచ్చింది. పైన గాలి. ఆవిడ చేతిలో గొడుగు ఉంటే తెరిపించి, స్టాండుకు గాలి తగలకుండా అడ్డం పట్టుకోమన్నాను.

"ఏందే అమ్మాయ్, ఇందాకటి నుంచి అదే చేను చూస్తన్నావు. నువ్వు చూస్తే మొలకలొస్తయ్యా?"

"కదలొద్దు పెద్దమ్మా. కెమెరా ఊగితే మొత్తం పోద్ది."

"నేను కదిలితే చేను కదులుద్దా? సరేలే. మా పెళ్ళికి ఫోటో దిక్కు లేదు, ఇప్పుడు మట్టికి తీస్తన్నారు."

"మట్టి అందంగా ఉంది కదా."

"నువ్వు దున్నలేదుగా, అందంగానే ఉంటది."

గంటకు పైగా అలాగే నిలబడింది. చేతులు లాగుతున్నా మార్చలేదు. ముప్ఫై ఆరు ముక్కలు తీశాను. అప్పుడే ఆ రాయిని చూపించింది. రెండు చేల మధ్య గట్టు అనేది ఏనాడో పోయింది. ఏటా ట్రాక్టరు ఒక సాలు చొప్పున తినేసింది. మిగిలింది ఒకేచోట, నడుమెత్తు నాపరాయి. సున్నం కొట్టి, పైన ఎర్రరంగు పూసి ఉంది. దాని చుట్టూ నాలుగు గజాల మేర దున్నని నేల, గడ్డి, పిచ్చి తుమ్మ మొలకలు. ఆ రాయి నుంచి అటు చివర మూలరాయికి గీత గీస్తే అదే పెద్దమ్మ హద్దు. "మా ఆయన, ఆ కొట్టాయన నాయన కలిసి పాతారు. పాతిన రోజు ఇద్దరూ మా ఇంట్లోనే అన్నం తిన్నారు" అని చెప్పింది. నేను ఊఁ కొట్టాను. నాకు తెలియదనేవాళ్ళకు ఇది సమాధానం.

ఇంటికొచ్చి ముక్కలు కుట్టాక చూస్తే రాయి అడ్డంగా ఉంది. అడ్డం అంటే, కన్ను సాళ్ళ వెంట జారిపోతూ వచ్చి ఆ ఎర్రబొట్టు దగ్గర టక్కున ఆగిపోతుంది. రెండు మధ్యాహ్నాలు కూర్చుని దాన్ని తీసేశాను. రాయిని, గడ్డిని, తుమ్మ మొలకల్ని. తీసేస్తే ఖాళీ ఉండిపోతుంది కదా, దాన్ని దేనితోనో నింపాలి. పక్కనున్న మట్టినే నకలు తీసి అతికించాలి. నిలువు సాళ్ళు దూరానికి చక్కగా సాగుతున్నాయి, వాటినే ఇటు పొడిగించాను. అంటే ఏం చేశానో తెలుసా? పెద్దమ్మ హద్దు మీదుగా కొట్టాయన దుక్కిని నడిపించాను. అప్పుడు నాకది దుక్కి కాదు, గీత. బొమ్మ అద్భుతంగా వచ్చింది. ఈ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. నేను చేసినవాటిలో అదే మంచిది.

మరుసటి ఏడు వేసవికి ముందు, నేను ఒకప్పుడు పాఠాలు చెప్పిన కాలేజీవాళ్ళు సెమినార్ హాలు రెండు రోజులు ఇస్తే పదకొండు ప్రింట్లు పెట్టాను. వచ్చినవాళ్ళు ఫ్యాన్ల కింద కుర్చీలు వెతుక్కున్నారు. ఒకాయన "ఇన్ని బొమ్మల్లో ఒక్క లీడరన్నా లేడేందమ్మా" అని బాధపడ్డాడు. రెండో రోజు మధ్యాహ్నం కొట్టాయన వచ్చాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, నెమ్మదైన మనిషి. దుక్కుల బొమ్మ ముందు ఆగాడు. ఆగి అలాగే ఉండిపోయాడు. వెనక్కి జరిగాడు. ముందుకొచ్చాడు. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. ఒక బొమ్మ ముందు మా పేట మనిషి అంతసేపు నిలబడటం నేను అంతవరకూ చూడలేదు.

"మా చేనే గదా మేడం ఇది?"

"మీదీ, పక్కనామెదీ."

"చానా బాగా వచ్చింది. ఎప్పుడు తీశారు?"

"పోయినేడు మే నెల."

"తేదీ, ఊరు రాసిస్తారా? మీ సంతకంతో?"

పొంగిపోయాను. తేదీ అడిగేవాడంటే తెలిసినవాడని, బొమ్మల విలువ ఎరిగినవాడని. ధ్రువపత్రం మీద ఊరు, పొలం ఉన్న చోటు, తేదీ, 'ఇది అసలు ప్రింటు' అన్న వాక్యం, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసి, ముద్ర గుద్ది ఇచ్చాను. ఆయన బేరమాడలేదు. ఇంటికెళ్ళి మా ఆయనతో "ఈ పేటలో ఒక్కడికి కళ్ళున్నాయి" అన్నాను. మా ఆయన పేపరు మడిచి, "రెండు బస్తాలు యూరియా ఇవ్వడానికే నలభై ప్రశ్నలు వేస్తాడే ఆయన" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు. మూడు రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు.

అప్పటికి రాయి చేలో ఉంది. ఇది గుర్తుపెట్టుకోవాలి. ప్రింటు ఆయన ఇంటికి చేరేనాటికి రాయి ఇంకా చేలోనే ఉంది.

తొలకరికి కొట్టాయన కౌలుదారు దుక్కి దున్నించాడు. పెద్దమ్మ చేనుకెళ్ళేసరికి రాయి లేదు, గడ్డి లేదు. సాళ్ళు నాలుగు గజాలు ఇవతలకొచ్చాయి. రాయి వాగులో బోర్లాపడి దొరికింది. ఆవిడ ఇద్దరు కూలీలను పెట్టి మోయించి, ఉన్నచోటే మళ్ళీ పాతించింది. రెండో రోజు కొట్టాయన ఊళ్ళో పెద్దమనుషులకు కబురు పెట్టాడు, నా దుక్కిలో ఈమె కొత్తగా రాయి పాతింది, అడగండి అని.

పిన్ని ఫోన్ చేస్తే వెళ్ళాను. పాలకేంద్రం అరుగు మీద కూర్చున్నారు అయిదారుగురు. వాళ్ళలో పెద్దాయన రిటైరైన హెడ్మాస్టరు. అందరూ ఆయన మాటే వింటారు. నేను వెళ్ళేసరికి ట్రాలీ ఆటోలోంచి బొంత చుట్టిన సరుకొకటి దించుతున్నారు. బొంత విప్పితే నా ప్రింటు. భాయి కట్టిన టేకు ఫ్రేము, దీనికీ పైన దండ కొక్కెం. గోడకు ఆనించారు. ఊరంతా చుట్టూ మూగింది. నా బొమ్మను అంత శ్రద్ధగా అంతమంది చూడటం అదే మొదటిసారి, ఆఖరిసారి.

"పోయినేడు మే నెల్లో తీసింది. కాగితం చూడండి, తేదీ ఉంది, ముద్ర ఉంది" అన్నాడు కొట్టాయన. గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచడు.

పెద్దాయన వంగి, వేలితో సాళ్ళు లెక్కపెట్టాడు. "ఈయన దుక్కి ఇక్కడి దాకా ఉంది. రాయి ఏది?"

"చెట్టు నీడలో పడిందేమో, సరిగా చూడండి మాస్టారూ" అంది మా పిన్ని.

"నీడేందమ్మా, ఇదిగో ఈమె చెప్పులు! బొటనవేలి తోలు తెగింది కూడా కనపడుతుంది. చెప్పులు కనపడితే నడుమెత్తు రాయి కనపడదా?"

జనం గొల్లున నవ్వారు. ఎవరో కుర్రవాడు "పెద్దమ్మా, చెప్పులు మార్చుకోవే" అన్నాడు. పెద్దమ్మ నవ్వలేదు. బొమ్మ వంక చూడనే లేదు. నా వంక చూసింది.

నేను చెప్పాను. దాచలేదు. రాయి ఉందనీ, చుట్టూ గడ్డి ఉందనీ, నేనే చెరిపాననీ, ఆ సాళ్ళు నేను అతికించినవనీ.

"ఎందుకు చెరిపావమ్మా?" అని అడిగాడు పెద్దాయన.

"బొమ్మకు బాగుంటుందని."

"బాగుండటానికి హద్దురాయి తీసేస్తారా?" ఆయన వెటకారంగా అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

లాప్‌టాప్ తెరిచాను. ముప్ఫై ఆరు ముక్కల్లో పందొమ్మిదోది. సున్నం, ఎర్రరంగు, గడ్డి, అన్నీ ఉన్నాయి. ఇది కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైలనీ, దీన్ని మార్చడానికి వీల్లేదనీ, మారిస్తే తెలిసిపోతుందనీ కాలేజీలో పాఠం చెప్పినట్టు చెప్పాను. పెద్దాయన అంతా విన్నాడు.

"అమ్మా, అరుగు మీద నలుగురి ముందు నువ్వే చెప్పావు, ఉన్న రాయిని లేకుండా చేశానని. చూస్తే మాలో ఎవరం కనిపెట్టలేకపోయాం. అంత పనితనం ఉన్నదానివి, లేని రాయిని ఉన్నట్టు చెయ్యలేవా?"

లాప్‌టాప్ ఆయన వైపు తిప్పి రాయి మీద వేలు పెట్టాను. ఆయన ధ్రువపత్రం చేతిలోకి తీసుకున్నాడు.

"పైగా ఈ కాగితం మీద అసలు ప్రింటు అని నువ్వే రాశావు. ఇది అసలైతే అది నకలు. అది అసలైతే ఇది నకలు. ముద్ర దేని మీదుందో నేను దాన్నే నమ్మాలి."

ఆర్టు లోకంలో ఆ మాటకు అర్థం వేరని చెప్పబోయాను. ఎవరో వెనక నుంచి "ఇంక చాల్లేమ్మా" అన్నారు. రాయి నాలుగు గజాలు ఇవతలకు పాతాలని తేలింది. రాయి జరిగితే మూలదాకా గీత మొత్తం జరుగుతుంది. పత్తి పెట్టే నాలుగు సాళ్ళ నేల, ఆ చివర నుంచి ఈ చివరకు, సన్నగా కోసుకుంటూ పోయింది. ఎకరాల్లో చూస్తే ఎంతో కాదంటారు. ఎకరంన్నర ఉన్నవాళ్ళు అలా అనరు.

పెద్దమ్మతో పాటు ఇంటిదాకా నడిచాను. సర్వేయరుకు అర్జీ పెడదామన్నాను, నేనే తిరుగుతానన్నాను, కోర్టుకైనా వెళ్దామన్నాను.

"కోర్టు మెట్లెక్కితే మిగిలిందీ కరిగిద్ది. నీ సాయం చాల్లే అమ్మాయ్" అంది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "ఒకటి చెప్పు. ఆ రాయి నీ బొమ్మకేం చెడుపు చేసింది?"

అప్పుడైనా ఊరుకోవచ్చు కదా. నేను వాదనకు దిగాను. "చూపు అక్కడికొచ్చి ఆగిపోతది పెద్దమ్మా, అందుకని."

"ఆగాలనేగా పాతింది" అంది. అని లోపలికెళ్ళి బర్రెకు కుడితి పెట్టుకుంది. ఆ తరవాత మా పిన్ని ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళినా గోడ అవతల నుంచి "ఏమే, వచ్చావా" అన్న మాట వినపడలేదు. గొడుగు మాత్రం ఒకసారి ఎండలో ఆరేసి ఉంటే చూశాను.

హైదరాబాదు గ్యాలరీ ఆవిడకు ఫోన్ చేసి, ఈ బొమ్మ ఇక అమ్మవద్దని, మూడు ప్రింట్లతో ఆపేస్తున్నానని చెప్పాను. కారణం అడిగితే చెప్పాను. ఆవిడ, "ఎంత గొప్ప కథ! మిగతా నాలుగూ ఈ కథతో కలిపి పెడదాం, వెంటనే పోతాయి" అంది. ఆవిడతో నేను అన్న మాటలు ఇక్కడ రాయను. ఆ గ్యాలరీతో నా సంబంధం అక్కడితో సరి. రాయి ఉన్న బొమ్మను విడిగా కుట్టి, అచ్చు వేయించి పెద్దమ్మకు పంపాను. మా పిన్ని చేతికే ఇచ్చి తిప్పి పంపింది. చుట్టిన కాగితం విప్పను కూడా లేదు.

పోయిన నెల నేనే కొట్టుకు వెళ్ళాను. యూరియా బస్తాల మధ్య ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోమన్నాడు. టీ చెప్పాడు. ఆయన వెనక గోడ మీద నా ప్రింటు ఉంది, దాని కింద పురుగుమందుల క్యాలెండరు. ఎండ పడని చోట పెట్టాడు. అంత జాగ్రత్త హైదరాబాదులో కొన్నవాళ్ళు కూడా పాటించరు.

"హాల్లో మొదటిసారి దీన్ని చూసినప్పుడు ఏమనుకున్నారు? నిజం చెప్పండి" అన్నాను.

"బాగుందనుకున్నా మేడం. బాగుంది కాబట్టే కొన్నా."

"రాయి లేదని చూశారా?"

"టీ చల్లారిపోతంది, తాగండి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. తాగకుండా లేచి వచ్చాను.

నేను కోరేది క్షమాపణ కాదు, నేల తిరిగి రావడం నా చేతిలో లేదు. పంచాయితీ తప్పని కూడా అనను. వాళ్ళ ముందు పెట్టిన కాగితాన్ని బట్టి వాళ్ళు సరిగానే చెప్పారు. కానీ ఇది ఒక్కటి ఆయన తప్ప ఎవరూ చెప్పలేరు, ఆయన చెప్పడు. తండ్రి పాతిన ఆ రాయి మీద ఆయన కన్ను ముందు నుంచే ఉందా, లేక ఏనాడూ ఆ ఆలోచనే లేని మనిషికి, ఆ మధ్యాహ్నం హాల్లో, అది లేకపోతే తన చేను ఎంత బాగుంటుందో నేనే చూపించానా?